పాట ఒకరిది, రికార్డు మరొకరిది: జాన్ ప్రైన్ యాభై ఏళ్ల ప్రయాణంలో మలుపులు ఎందుకొచ్చాయి?

టేలర్ స్విఫ్ట్ 2021 నుంచి తన పాత ఆల్బమ్‌లను మళ్లీ పాడి విడుదల చేస్తుంటే చాలామందికి ఒక సందేహం వచ్చింది. పాటలు రాసింది ఆమే, పాడింది ఆమే. మరి అవి వేరేవాళ్ల చేతికి ఎలా వెళ్లాయి? 2025 మేలో ఆ పాత రికార్డింగులను ఆమె తిరిగి కొనుక్కున్నప్పుడు అదే ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. ఇంత పెద్ద స్టార్ కథలో కోట్ల డాలర్ల లెక్కలు, కోర్టు మాటలు, అభిమానుల కోపాలు కలిసిపోయి అసలు సంగతి కనబడదు. అందుకే ఈ వ్యాసానికి ఇంకో గాయకుణ్ణి తీసుకుంటున్నాను. పేరు జాన్ ప్రైన్. ఆయన గురించి తెలుగులో రాసినవాళ్లు తక్కువ. అమెరికాలో మాత్రం పాటలు రాసేవాళ్లు ఆయన పేరు చాలా గౌరవంగా తలుస్తారు.

ప్రైన్ మొదటి ఆల్బమ్ 1971లో వచ్చింది. అమెరికాలో ఏ ఆల్బమ్ ఎంత ఆడుతోందో చూపే బిల్‌బోర్డ్ పట్టికలో అది 154వ స్థానం దాటి పైకి పోలేదు. చివరి ఆల్బమ్ 2018లో వచ్చింది, ఐదో స్థానానికి చేరింది. అప్పటికి ఆయన వయసు 71. మధ్యలో రెండు పెద్ద కంపెనీలు, ఒక సొంత కంపెనీ, రెండు సార్లు క్యాన్సర్, మారిపోయిన గొంతు, తన పాటలు వేరేవాళ్ల నోట నంబర్ వన్ కావడం, ఇవన్నీ ఉన్నాయి. పైనుంచి చూస్తే ఏ దిక్కూ లేకుండా సాగినట్టు అనిపిస్తుంది. పాట ఎవరిది, రికార్డు ఎవరిది, దాన్ని అమ్మేది ఎవరు అన్న మూడు ప్రశ్నలు పట్టుకుంటే మాత్రం ఈ ప్రయాణం చాలావరకు అర్థమవుతుంది.

ఫోక్, అమెరికానా, ఇండిపెండెంట్: ఏది దేన్ని సూచిస్తుంది?

ఫోక్ అనగానే మనకు జానపదం గుర్తొస్తుంది. ఎవరు కట్టారో తెలియకుండా తరాల నుంచి వస్తున్న పాటలు అమెరికాలోనూ ఉన్నాయి. అయితే 1940ల నాటికే వుడీ గత్రీ లాంటివాళ్లు ఆ బాణీల మీద సొంత మాటలు కట్టి పాడారు. 1960ల్లో బాబ్ డిలన్ వచ్చాక, గిటార్ పట్టుకుని తాను రాసిన పాట తానే పాడేవాడిని కూడా ఫోక్ సింగర్ అనడం స్థిరపడింది. మన గోరటి వెంకన్నలాగా రచయిత, గాయకుడు ఒకరే అయిన సంప్రదాయం అనుకుంటే దగ్గరగా ఉంటుంది. అలాంటివాళ్లను అక్కడ సింగర్-సాంగ్‌రైటర్ అంటారు.

అమెరికానా అన్నది చాలా తర్వాత వచ్చిన పేరు. ఫోక్, పాత కంట్రీ (అమెరికా దక్షిణాది పల్లెల్లో పుట్టిన పాట), బ్లూస్, బ్లూగ్రాస్ (బాంజో, ఫిడేలు లాంటి తీగ వాద్యాలతో సాగే పల్లె సంగీతం), కొంత రాక్ కలిసిన సంగీతం 1990ల్లో ఏ రేడియో స్టేషన్ పద్ధతికీ సరిగ్గా కుదరలేదు. కంట్రీ స్టేషన్లకు అది మరీ మోటుగా అనిపించింది, రాక్ స్టేషన్లకు మరీ నెమ్మదిగా అనిపించింది. 1995లో గావిన్ అనే రేడియో వ్యాపార పత్రిక అమెరికానా పేరుతో ఒక పట్టిక మొదలుపెట్టింది. 1999లో అమెరికానా మ్యూజిక్ అసోసియేషన్ ఏర్పడింది. 2010 నుంచి అమెరికాలోని పెద్ద సంగీత అవార్డులైన గ్రామీల్లో అమెరికానా ఆల్బమ్‌కు విడిగా అవార్డు ఇస్తున్నారు.

ఈ పేరు మీద రెండు అభిప్రాయాలున్నాయి. పేరు పెట్టడం వల్లే ఈ సంగీతానికి పట్టిక, అవార్డులు, పండుగలు, షాపులో ఒక అర దొరికాయని ఒక వర్గం అంటుంది. అది సంగీతాన్ని బట్టి గీసిన గీత కాదు, అమ్మకానికి గీసిన గీత అని ఇంకో వర్గం అంటుంది. బాంజో ఆఫ్రికా మూలాల వాద్యం, బ్లూస్ నల్లజాతి ప్రజలది. అయినా ఈ అరలో తెల్లవాళ్ల ముఖాలే ఎక్కువ కనిపించాయన్న విమర్శా గట్టిదే. నా దృష్టిలో రెండు వైపులా నిజం ఉంది. ప్రైన్ విషయానికొస్తే, ఈ పేరు పుట్టేనాటికే ఆయన ఇరవై ఏళ్లకు పైగా పాడుతున్నాడు. 1992లో ఆయనకు గ్రామీ వచ్చింది సమకాలీన ఫోక్ విభాగంలో. తర్వాత అమెరికానా అసోసియేషన్ 2005లో, 2017లో, 2018లో ఆయన్ని ఆ ఏటి కళాకారుడిగా ఎంచుకుంది. ఆయన పాట పెద్దగా మారలేదు, దానికి పెట్టే పేరు మారింది.

ఇక ఇండిపెండెంట్. పెద్ద కార్పొరేట్ సంస్థల కింద లేని రికార్డు కంపెనీలో ఉన్నవాళ్లందరినీ అలా అంటారు. కానీ ఇందులో రెండు రకాలు ఉన్నాయి. వేరేవాళ్ల చిన్న కంపెనీకి పాడటం ఒకటి. కంపెనీయే తనది కావడం ఇంకొకటి. ప్రైన్ రెండో రకం. డబ్బు లెక్కల్లో ఈ రెండింటికీ చాలా తేడా ఉంటుంది.

పోస్ట్‌మ్యాన్‌కు న్యూయార్క్‌లో కాంట్రాక్ట్ ఎలా దొరికింది

ప్రైన్ 1946 అక్టోబర్ 10న షికాగో శివారులోని మేవుడ్‌లో పుట్టాడు. తల్లిదండ్రుల మూలాలు కెంటకీ రాష్ట్రంలోని మ్యూలెన్‌బర్గ్ కౌంటీలో ఉన్నాయి. పధ్నాలుగేళ్లకు అన్న డేవ్ దగ్గర గిటార్ నేర్చుకున్నాడు. తర్వాత షికాగోలోని ఓల్డ్ టౌన్ స్కూల్ ఆఫ్ ఫోక్ మ్యూజిక్‌లో క్లాసులకు వెళ్లాడు. వియత్నాం యుద్ధ కాలంలో సైన్యంలోకి తీసుకున్నారు గానీ పంపింది పశ్చిమ జర్మనీకి, అక్కడ వాహనాల మరమ్మతు పని. తిరిగొచ్చాక పోస్ట్‌మ్యాన్‌గా ఇంటింటికీ ఉత్తరాలు పంచుతూ, నడకలోనే పాటలు కట్టుకున్నాడు.

మొదటిసారి జనం ముందు పాడింది షికాగోలోని ఫిఫ్త్ పెగ్ అనే చిన్న క్లబ్‌లో. అక్కడ వినిపించినవాటిలో ‘శామ్ స్టోన్’ ఉంది. యుద్ధం నుంచి గాయాలతో, పతకంతో, మత్తుమందు అలవాటుతో ఇంటికొచ్చిన సైనికుడి కథ అది. ముసలితనంలో పలకరించే దిక్కులేని దంపతుల మీద ‘హలో ఇన్ దేర్’ ఉంది. తండ్రి ఊరు బొగ్గు తవ్వకాల్లో కనుమరుగవడం మీద ‘పారడైజ్’ ఉంది. పాతికేళ్లు కూడా నిండని మనిషి ఇవి రాశాడంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

1970 అక్టోబర్‌లో షికాగో సన్-టైమ్స్ పత్రికలో ఆయన మీద మొదటి సమీక్ష వచ్చింది. రాసింది సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్. మరుసటి ఏడాది ప్రైన్ స్నేహితుడు, గాయకుడు స్టీవ్ గుడ్‌మన్ ఒక రాత్రి అప్పటికే పేరున్న గాయకుడు క్రిస్ క్రిస్టోఫర్సన్‌ను వెంటబెట్టుకొచ్చి ఆయన పాట వినిపించాడు. క్రిస్టోఫర్సన్ న్యూయార్క్‌లో తన ప్రదర్శన మధ్యలో ప్రైన్‌ను వేదికెక్కించాడు. ప్రేక్షకుల్లో అట్లాంటిక్ రికార్డ్స్ పెద్ద జెర్రీ వెక్స్‌లర్ ఉన్నాడు. కాంట్రాక్ట్ వెంటనే వచ్చింది.

అట్లాంటిక్‌లో 1971 నుంచి 1975 వరకు నాలుగు స్టూడియో ఆల్బమ్‌లు వచ్చాయి. విమర్శకులు మెచ్చుకున్నారు. ‘కొత్త డిలన్’ అన్న ముద్ర కూడా వేశారు, అది ఆ రోజుల్లో చాలామంది కుర్ర గాయకుల మెడకు చుట్టుకున్న బరువే. అమ్మకాలు మాత్రం కంపెనీ ఆశించినంతగా లేవు. తర్వాత అసైలమ్ అనే ఇంకో పెద్ద కంపెనీలో 1978 నుంచి 1980 వరకు మూడు ఆల్బమ్‌లు చేశాడు. అక్కడా అదే పరిస్థితి.

ఒకే పాటలో రెండు ఆస్తులు

అమెరికా చట్టంలో ఒక పాట రికార్డయ్యిందంటే అందులో రెండు వేర్వేరు హక్కులున్నట్టు. మొదటిది మాటలు, బాణీ కలిసిన రచన. అది రాసినవారిది, లేదా వారు హక్కులు అప్పగించిన పబ్లిషర్‌ది, అంటే పాట హక్కుల వ్యాపారం చూసే సంస్థది. రెండోది ఆ రచనను ఒకరు ఒకరోజు స్టూడియోలో పాడగా పట్టుకున్న శబ్దం. దీన్ని మాస్టర్ అంటారు. ఆ రోజుల్లో ఖర్చు పెట్టిన రికార్డు కంపెనీకే అది చెందేది.

రచనకు ఇంకో ప్రత్యేకత ఉంది. ఒకసారి రికార్డుగా విడుదలైన పాటను, చట్టం నిర్ణయించిన రేటు కడితే, ఎవరైనా మళ్లీ పాడి రికార్డు చేసుకోవచ్చు. రచయిత అనుమతి విడిగా అడగనక్కర్లేదు. ఈ ఏర్పాటు 1909 నుంచి ఉంది. 1977 చివరి దాకా ఆ రేటు కాపీకి 2 సెంట్లే, అంటే దాదాపు డెబ్భై ఏళ్లు కదల్లేదు. 1998లో అది 7.1 సెంట్లు.

ఒక లెక్క వేద్దాం. ప్రైన్ రాసిన ‘ఏంజెల్ ఫ్రమ్ మాంట్‌గోమరీ’ని 1974లో గాయని బోనీ రెయిట్ పాడింది. ఇప్పుడు ఎక్కువమందికి ఆ పాట ఆమె గొంతుతోనే గుర్తు. అలాంటి పాట ఉన్న ఆల్బమ్ ఒక లక్ష కాపీలు అమ్ముడుపోయిందనుకుందాం (ఇది లెక్క కోసం తీసుకున్న సంఖ్య). 2 సెంట్ల చొప్పున ఆ ఒక్క పాట రచనకు వచ్చేది 2,000 డాలర్లు. 1998 రేటు ప్రకారమైతే 7,100 డాలర్లు. పాటను ఇద్దరు కలిసి రాస్తే ఒక్కొక్కరి వైపు 3,550. పబ్లిషర్‌కు సగం ఇచ్చే ఒప్పందం ఉంటే రచయిత చేతికి 1,775. పబ్లిషింగ్ కూడా రచయితదే అయితే 3,550 మొత్తం ఆయనదే.

చిన్న మొత్తాలే అనిపిస్తాయి. కానీ దీని మీద రేడియో ఆదాయం ఉంది. అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట వస్తే డబ్బు రచయితకు, పబ్లిషర్‌కు వెళ్తుంది. పాడినవారికీ, రికార్డు కంపెనీకీ ఏమీ రాదు. చాలా దేశాల్లో ఇద్దరికీ ఇస్తారు. అమెరికాలో ఇది ఇప్పటికీ వివాదమే. గొంతు లేనిదే పాట లేదని గాయకులు అంటారు. మా ప్రసారమే మీకు ప్రచారం అని స్టేషన్లు అంటాయి. ప్రైన్ లాంటి రచయితకు మాత్రం ఈ వింత నిబంధన కలిసొచ్చింది.

1986లో వచ్చిన తన ఆల్బమ్‌లో ప్రైన్ ఒక సరదా ప్రేమ పాట పాడాడు. దాన్ని రోజర్ కుక్ అనే బ్రిటిష్ రచయితతో కలిసి రాశాడు. పన్నెండేళ్ల తర్వాత, 1998లో, కంట్రీ స్టార్ జార్జ్ స్ట్రెయిట్ అదే పాట పాడితే కంట్రీ పట్టికలో నంబర్ వన్ అయింది. దేశమంతా రేడియోల్లో మోగింది. ఆ సంవత్సరం ప్రైన్ మెడ క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకుని, పాడలేని స్థితిలో ఉన్నాడు. వేదిక మీద ఆదాయం లేదు, రచన ఆదాయం ఉంది. రెండు ఆస్తులు వేరు అన్న మాటకు ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు తెలియదు.

వదులుకున్న వాటా కథ కూడా ఒకటుంది. 1970ల్లో గుడ్‌మన్, ప్రైన్ కలిసి కంట్రీ పాటలను ఆటపట్టిస్తూ ఒక పాట కట్టారు. కంట్రీ కళాకారులు నొచ్చుకుంటారేమోనని ప్రైన్ తన పేరు వేయొద్దన్నాడు. 1975లో డేవిడ్ అలన్ కో పాడగా అది హిట్ అయింది. పేరు లేదు కాబట్టి చట్టప్రకారం ప్రైన్‌కు వాటా లేదు. గుడ్‌మన్ మనసు ఊరుకోక, స్నేహితుడికి ఒక జ్యూక్‌బాక్స్ (నాణెం వేస్తే పాట వినిపించే పెట్టె) కొనిపెట్టాడు.

పెద్ద కంపెనీ లెక్కలో గాయకుడు ఎందుకు బాకీ పడతాడు

ఈ భాగంలోని అంకెలన్నీ తేలిగ్గా అర్థం కావడానికి నేను వేసుకున్నవి, ప్రైన్ ఒప్పందాలవి కావు.

కంపెనీ గాయకుడికి అడ్వాన్స్, స్టూడియో ఖర్చు కలిపి లక్ష డాలర్లు పెట్టిందనుకుందాం. ఆల్బమ్ ధర 10 డాలర్లు, గాయకుడి రాయల్టీ పది శాతం, అంటే కాపీకి ఒక డాలర్. యాభై వేల కాపీలు అమ్మితే మొత్తం 5 లక్షల డాలర్ల వ్యాపారం జరిగింది. గాయకుడి వాటా 50,000. కానీ పెట్టిన లక్ష ముందుగా ఆయన రాయల్టీలోంచే తిరిగి రావాలి. కాబట్టి చేతికి వచ్చేది సున్నా, పద్దులో ఇంకా 50,000 బాకీ. ఆ బాకీని తరువాతి ఆల్బమ్ లెక్కలోకి తోసే షరతు కూడా ఒప్పందాల్లో సాధారణం. ఇంత జరిగినా మాస్టర్ మాత్రం కంపెనీదే.

కంపెనీ వైపు వాదన కూడా వినాలి. వాళ్లు పెట్టిన ఆల్బమ్‌లలో ఎక్కువ భాగం నష్టపోతాయి. ఆ బాకీని గాయకుడు జేబులోంచి కట్టనక్కర్లేదు, ఆల్బమ్ ఆడకపోతే నష్టం కంపెనీయే భరిస్తుంది. ఫ్యాక్టరీ, లారీలు, షాపులు, రేడియో ప్రచారం అన్నీ వాళ్ల భుజాన ఉంటాయి. లక్షల్లో అమ్మే గాయకుడికి ఈ ఏర్పాటు సరిపోతుంది. నమ్మకంగా కొన్ని వేలమంది మాత్రమే కొనే గాయకుడికి సరిపోదు. ప్రైన్ సరిగ్గా అలాంటివాడు.

సొంత కంపెనీ: చెక్కులు ముందు, ఆల్బమ్ తర్వాత

1981లో ప్రైన్ తన మేనేజర్ అల్ బునెట్టా, సహచరుడు డాన్ ఐన్‌స్టైన్‌తో కలిసి ఓ బాయ్ రికార్డ్స్ పెట్టాడు. మొదట బయటికి వచ్చింది ఎర్ర రంగు ప్లాస్టిక్ మీద అచ్చేసిన ఒక చిన్న క్రిస్మస్ రికార్డు. తర్వాత ఆల్బమ్ చేస్తామంటే అభిమానులు ముందే చెక్కులు రాసి పోస్టులో పంపారు. ఆ డబ్బుతో 1984లో ‘ఏమ్‌లెస్ లవ్’ ఆల్బమ్ వచ్చింది. ఇప్పుడు దీన్ని క్రౌడ్‌ఫండింగ్ అంటాం. కిక్‌స్టార్టర్ మొదలైంది 2009లో.

పై లెక్కనే ఇక్కడ తిరిగి వేద్దాం. పోస్టులో అమ్మిన ఒక్కో కాపీకి 10 డాలర్లు. అచ్చు, అట్ట, పోస్టేజీ, ఆఫీసు కలిపి 4 డాలర్లు పోతే 6 మిగులుతాయి. ఇరవై వేల కాపీలకు 1,20,000. రికార్డింగ్‌కు 50,000 అయితే 70,000 డాలర్లు మిగులు, మాస్టర్ కూడా తమదే. పెద్ద కంపెనీలో యాభై వేలు అమ్మి బాకీ పడిన మనిషి, ఇక్కడ ఇరవై వేలు అమ్మి నిలబడగలడు.

అలాగని ఇది సుఖమైన దారేమీ కాదు. షాపుల్లో సరుకు పెట్టించడం, రేడియోలో పాట వేయించడం చిన్న కంపెనీకి కష్టం. ఆల్బమ్‌కూ ఆల్బమ్‌కూ మధ్య ఏళ్లు గడిచాయి. 1986 తర్వాత కొత్త పాటల స్టూడియో ఆల్బమ్ 1991లో గానీ రాలేదు. టామ్ పెటీ బృందంలో బేస్ వాయించే హోవీ ఎప్‌స్టైన్ నిర్మాణంలో వచ్చిన ‘ద మిస్సింగ్ ఇయర్స్’లో పెటీ, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, బోనీ రెయిట్ గొంతు కలిపారు. గ్రామీ దీనికే వచ్చింది.

గొంతు మారాక పాట ఏమైంది

1998 ఆపరేషన్, ఆ తర్వాతి చికిత్స ప్రైన్ మెడ ఆకారాన్నీ, గొంతునూ మార్చేశాయి. స్వరం కిందికి దిగి గరగరలాడింది. మాట కోసం స్పీచ్ థెరపీ చేయించుకున్నాడు. పాత పాటలను తక్కువ శ్రుతిలో పాడటం మొదలుపెట్టాడు. కొంతమంది శ్రోతలు పాత గొంతే గొప్పదంటారు. నాకైతే ‘హలో ఇన్ దేర్’ ఆ రెండో గొంతులోనే నిజంగా వినబడుతుంది. కుర్రాడిగా ఊహించి రాసిన ముసలితనం అప్పటికి ఆయన దగ్గరికే వచ్చింది.

ముందు 1999లో ఎక్కువగా వేరేవాళ్ల పాత కంట్రీ పాటలను మహిళా గాయనులతో కలిసి పాడి ఒక ఆల్బమ్ చేశాడు. 2000లో ‘సువనీర్స్’ వచ్చింది. అందులో ఉన్నవి తన పాత పాటలే, కొత్తగా పాడినవి. ‘శామ్ స్టోన్’, ‘ఏంజెల్ ఫ్రమ్ మాంట్‌గోమరీ’, ‘హలో ఇన్ దేర్’ అన్నీ ఉన్నాయి. ఈ కొత్త రికార్డింగులు ఓ బాయ్‌వి. స్విఫ్ట్ చేసిన పని రెండు దశాబ్దాల తర్వాతిది. ఎంత తేడా ఉన్నా రెండింటికీ ఆధారం ఒకటే: రచన చేతిలో ఉన్నవాళ్లు మాస్టర్‌ను మళ్లీ తయారుచేసుకోగలరు.

2005లో వచ్చిన ‘ఫెయిర్ అండ్ స్క్వేర్’కు మరుసటి ఏడాది ఇంకో గ్రామీ దక్కింది. 2013లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. 2018లో ‘ద ట్రీ ఆఫ్ ఫర్గివ్‌నెస్’ వచ్చింది, 2019లో సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది. 2020 ఏప్రిల్ 7న నాష్‌విల్‌లో కోవిడ్‌తో చనిపోయాడు.

ఈ దారి ఇంకొకరికి పనికొస్తుందా?

ఇక్కడ వాదన గట్టిగానే ఉంది. ప్రైన్‌ను స్వతంత్ర సంగీతానికి ఆదర్శంగా చూపేవాళ్లు చెప్పేదేమిటంటే, నలభై ఏళ్ల పాటు ఏ పెద్ద సంస్థ అనుమతీ లేకుండా తన పాట తాను అమ్ముకున్నాడు, అందుకే ఏ అధికారి ఆయన్ని తీసేయలేకపోయాడు.

దీనికి ఎదురు వాదన: 1984లో చెక్కులు పంపిన ఆ అభిమానులు ఎక్కడివాళ్లు? 1971 నుంచి 1980 వరకు అట్లాంటిక్, అసైలమ్ డబ్బుతో అచ్చయి, దేశమంతా చేరిన ఏడు ఆల్బమ్‌లు విన్నవాళ్లు. మొదటి మూడు ఆల్బమ్‌ల నిర్మాత ఆరిఫ్ మార్డిన్ అట్లాంటిక్ మనిషే. ఆ పదేళ్లు లేకపోతే ఓ బాయ్‌కు చిరునామాల జాబితాయే ఉండేది కాదు. పైగా ఇలా నిలబడినవాళ్ల కథలే మనకు వినిపిస్తాయి, సొంత కంపెనీ పెట్టి అప్పులపాలైనవాళ్ల కథలు వినిపించవు.

ఈ రెండో వాదన నాకు బలంగా అనిపిస్తుంది. అయినా అది సగమే. పెద్ద కంపెనీల్లో పదేళ్లుండి విమర్శకుల మెప్పు పొందినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది కనుమరుగయ్యారు. ప్రైన్‌కు అదనంగా ఉన్నవి రెండు. వేరేవాళ్లు మళ్లీ మళ్లీ పాడాలనుకునే రచన ఒకటి. పద్దులు రాసి, పార్శిళ్లు కట్టి, ప్రదర్శనలు కుదిర్చిన బునెట్టా, ఐన్‌స్టైన్ రెండు. స్వతంత్రం అంటే ఒంటరిగా చేయడం అనుకునే కుర్రవాళ్లు ఈ రెండో సంగతి గమనించడం లేదని నాకు బాధగా ఉంటుంది.

స్ట్రీమింగ్ వచ్చాక లెక్క ఇంకా మారింది. రికార్డు చేయడం, ప్రపంచానికి చేర్చడం చవకైపోయాయి. కానీ ఒక్కో అభిమాని నుంచి 10 డాలర్లు ఒకేసారి వచ్చే రోజులు పోయాయి. తెలంగాణ జానపదాలతో యూట్యూబ్ ఛానెళ్లు నడిపేవాళ్లకూ, వాటికి పాట రాసి, పాడి ఇచ్చేవాళ్లకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది: ఛానెల్ పేరు మీద ఉన్న వీడియో ఒకరిది, పాట రచన ఇంకొకరిది కావచ్చు. అది ఒప్పందంలో రాసుకున్నారా లేదా అన్నదే తేడా.

2015లో బునెట్టా మరణం తర్వాత కంపెనీ పగ్గాలు ప్రైన్ కుటుంబం చేతికి వచ్చాయి. ప్రైన్ పోయాక కూడా ఓ బాయ్ నడుస్తోంది, వేరే గాయకుల ఆల్బమ్‌లూ వేస్తోంది. ఈ రోజు మీరు ఫోన్‌లో ‘శామ్ స్టోన్’ అని వెతికితే ఒకే గాయకుడి పేరు మీద వేర్వేరు రికార్డింగులు కనిపిస్తాయి. 1971 నాటిది వింటే మాస్టర్ వాటా అట్లాంటిక్‌ను నడిపే వార్నర్ మ్యూజిక్ సంస్థకు వెళ్తుంది. 2000 నాటిది వింటే ఓ బాయ్‌కు వెళ్తుంది. ఏది విన్నా రచన వాటా విడిగా లెక్కకొస్తుంది.